బాబాయి పెట్టెలో కీచు

మా బాబాయి ఒకచోట కుదురుగా కూర్చోవటం నేనెప్పుడూ చూడలేదు. భోజనం మధ్యలో లేచి వెళ్ళి వర్క్‌షాపులో ఒక మర బిగించి వస్తాడు. మనం మాట్లాడుతుంటే ఊఁ కొడుతూనే మన చేతిలోని టార్చిలైటు తీసుకుని విప్పేస్తాడు. ఎందుకు విప్పావంటే, స్విచ్చి నొక్కినప్పుడు శబ్దం తేడాగా ఉందంటాడు. చూస్తే లోపల నిజంగానే ఏదో తేడా ఉంటుంది. అందుకని ఆయన మీద కోపం తెచ్చుకోవటం ఎవరికైనా కష్టమే. నాకు మాత్రం ముక్కు మీదే ఉంటుంది కోపం, అది వేరే సంగతి.

ఇంటి ముందుగదే ఆయన వర్క్‌షాపు. వీధి వైపు ఇనుప షట్టరు, లోపలి వైపు వంటింట్లోకి తలుపు. మధ్యలో పొడుగాటి బల్ల, దాని మీద టంకం తీగ చుట్టలు, మరల డబ్బాలు, పొట్ట విప్పిన యాంప్లిఫయర్లు. నలభై ఏళ్ళుగా ఏ బ్యాండు వాళ్ళ యాంపు మూగబోయినా, ఏ కీబోర్డు మీట పలకకపోయినా ఆ బల్ల మీదికే చేరేది. అంతకుముందు వయసులో ఉండగా స్టేజీ కార్యక్రమాలకు సౌండు పెట్టేవాడు. మనిషెత్తు స్పీకర్ల పక్కన గంటలకొద్దీ నిలబడేవాడట. చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళను చూసి నవ్వేవాడట కూడా.

మా సంగీతం వాళ్ళలో ఆయన పేరు చెవిమాస్టారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఒకసారి ఎక్కడో దూరాన ప్రోగ్రాం పెట్టుకున్నవాళ్ళు ఫోన్ చేసి, గంటలో మొదలుపెట్టాలి, యాంపు గుర్రుమంటోంది, ఏం చెయ్యమంటారని ఏడ్చారు. ఫోన్ తీసుకెళ్ళి స్పీకరు దగ్గర పెట్టమన్నాడు. చెప్పులు వేసుకుంటూ విన్నాడు. "ఎడంపక్క లావుపాటి కెపాసిటర్ ఉబ్బి ఉంటుంది, చూడండి" అన్నాడు. చూస్తే ఉబ్బే ఉంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళు ఉంటారు కదా, మా బాబాయీ ఆ బాపతే. కాకపోతే ఆయన పట్టుకున్న కుందేలుకు నిజంగానే మూడు కాళ్ళుండేవి.

నేను కీబోర్డు వాయిస్తాను. పొద్దున పూట పిల్లలకు పాఠాలు, వారాంతాల్లో బ్యాండు. గిటారు వాయిస్తూ పాడే మా పాటగాడే బ్యాండుకు పెద్ద, అందరం కెప్టెన్ అంటాం. నిరుడు మా బేస్ గిటారు వాయించే అతనికి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. అప్పుడు కెప్టెన్ నన్ను పిలిచి, "నీ ఎడమచేత్తో ఆ లావు బేస్ స్వరాలు లాగించగలిగితే ఇంకో మనిషి అక్కర్లేదు. లేకపోతే చెప్పు, బేస్ పలికే సరంజామా ఉన్న ఇంకొకతన్ని చూసుకుంటా. పెద్ద హాల్లో ప్రోగ్రాం నాలుగు నెలల్లో ఉంది" అన్నాడు. ఇంకొకతన్ని అంటే నా బదులు అని అర్థం. మొహమాటం లేని మనిషి.

నా చేతులకేం లోటు లేదు. లోటంతా నా కీబోర్డుది. అలాంటి వాటిలో శబ్దాలు ముందే రికార్డు చేసి పెట్టి ఉంటాయి, మీట నొక్కితే ఆ రికార్డు మోగుతుంది. దాంట్లో బేస్ అట్టపెట్టె మీద కొట్టినట్టుంటుంది. అనలాగ్ సింథ్ అనే వాయిద్యంలో శబ్దం అప్పటికప్పుడు కరెంటులోంచి పుడుతుంది, నాబ్ తిప్పుతుంటే దాని గొంతు మారుతుంది. కడుపులోకి దిగే బేస్ కావాలంటే అదే కావాలి. దుకాణంలో అడిగాను. మంచిది కొనాలంటే ఎనిమిది నెలల పాఠాల డబ్బు పొయ్యాలి, పైగా దాన్ని మొయ్యటానికి ఇద్దరు మనుషులు కావాలి. చవకలో చిన్నది ఒకటి చూపించారు. దాని నాబ్‌లు ఆవగింజలు. ఒక్కో నాబ్‌కు మూడు పనులు, ఏ పనికి ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కాలో పుస్తకం చూసుకోవాలి. స్టేజీ మీద చీకట్లో, పాట మధ్యలో, పుస్తకం చూడాలట! దుకాణంవాడితో తగువు పెట్టుకుని వచ్చేశాను.

వచ్చి బాబాయి దగ్గర గోల పెట్టాను. ఆయన నా గోల సగం కూడా వినకుండా కాగితం తీసి గీతలు గీయటం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత పది రోజులు ఆయనకు నిద్ర లేదు, ఎదుటివాళ్ళకు నిద్ర లేదు. దొరికిన ప్రతి వాయిద్యగాణ్ణీ ఆపి ఏం కావాలని అడిగేవాడు. పెట్టె భుజం సంచిలో పట్టాలన్నాడొకడు. నాబ్‌లు బొటనవేలంత ఉండాలన్నాడు అతనే. తేలిగ్గా ఉండాలి కానీ తోస్తే కదలకూడదన్నాడు ఇంకొకడు. చవకగా ఉండాలని మాత్రం అందరూ ఏకకంఠంతో అన్నారు. "ఏనుగు కావాలి, ఎలక కలుగులో పట్టాలి అన్నట్టుంది వీళ్ళ వరస" అని తిట్టుకుంటూనే అన్నీ రాసుకున్నాడు. ఆరుగురు పేర్లిచ్చారు. ముందు నాకు ఒకటి చేస్తాడు, హాల్లో దాని పలుకు విని వాళ్ళు తమకూ చేయించుకుంటారు. అదీ ఒప్పందం.

మొత్తం ఆ నాలుగు నెలలూ పట్టింది. లావుపాటి నిఘంటువంత ఇనుప పెట్టె, పైన తొమ్మిది నాబ్‌లు, ఒక్కో నాబ్‌కు ఒక్కటే పని. నా కీబోర్డు నుంచి దానికొక వైరు పెడితే చాలు, నా ఎడమచేతి మీటలకు అది పలుకుతుంది. ఆయనకు అన్నిటికన్నా గొప్పగా తోచింది దాని బరువు. మామూలుగా ఇలాంటివాటికి కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఇటుకంత ఉంటుంది. బాబాయి దాన్ని తీసిపారేసి, అగ్గిపెట్టెంత సప్లయి బోర్డొకటి సంపాదించి పెట్టెలోనే ఓ మూల ఇరికించాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ మూత తీసి ఆ మూల చూపించాడు. పాలవాడికి కూడా చూపించాడు.

శనివారం ప్రోగ్రాం అనగా బుధవారం హాల్లో రిహార్సలు. బాబాయి రాలేదు, ఎవరిదో సౌండు మిక్సరు బాగుచేసి అర్జెంటుగా ఇవ్వాలట. నేను పెట్టెకు వైరు పెట్టి ఎడమచేత్తో మొదటి మీట నొక్కాను. స్టేజీ చెక్కలు అదిరాయి. డ్రమ్ములు వాయించే అతను కర్రలు కింద పెట్టి నవ్వేశాడు. పాట మొత్తం వాయించాం, నాకైతే చేతులకు రెక్కలొచ్చినట్టుంది.

పాట ఆగింది. ఆగగానే వినబడింది. సన్నటి కీచు. చెవి పక్క దోమ ఎగురుతున్నట్టు, సూదంత సన్నంగా, ఆగకుండా.

కెప్టెన్ చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. హాలుకు సౌండు చూసే ఆయన మిక్సరు దగ్గర నా లైను తగ్గించాడు, కీచు పోయింది. పెంచాడు, వచ్చింది.

"మీ పెట్టెలోంచేనండీ" అన్నాడు.

"మాస్టారికి చెప్పు" అన్నాడు కెప్టెన్ నాతో. "ఆయనకెంత పని. వింటారు, అరగంటలో తీసేస్తారు."

నేనూ అంతే అనుకున్నాను. గురువారం పొద్దున్నే పెట్టె సంచిలో వేసుకుని వెళ్ళాను. "బాబాయ్, నీ పెట్టె పెద్ద స్పీకర్లలో కీచుమంటోంది" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. తప్పు పట్టుకోవటమంటే ఆయనకు పండగ. ఫ్యాను ఆపాడు. వర్క్‌షాపులో ఉన్న మంచి స్పీకరుకు పెట్టెను తగిలించి, వాల్యూమ్ చివరిదాకా తిప్పాడు.

కీచు వచ్చింది. ఇక్కడ ఇన్నాళ్ళూ ఫ్యాను రొదలో తెలియలేదు గానీ, ఇప్పుడు స్పష్టంగా వినబడుతోంది. బాబాయి స్పీకరు మీదికి వంగి చెవి దాదాపు ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆయన "ఆఁ, దొరికింది" అనటం కోసం చూస్తున్నాను.

కళ్ళు తెరిచాడు. "ఏదీ? శుభ్రంగా ఉందిగా!"

హాస్యమాడుతున్నాడనుకున్నాను. ఆయన రెండో చెవి పెట్టాడు. నా చెవిలో సూది గుచ్చుతున్నట్టుంది, ఆయన మొహంలో ఏమీ లేదు. ఏమీ వినబడనివాళ్ళ మొహం అది.

"ఏమే, ఇప్పుడొస్తోందా?" అన్నాడు.

ఇక్కడే నేను చెయ్యకూడని పని చేశాను. ఎదుటివాళ్ళ మొహం మీదే మాట విసిరేస్తానని నాకు పేరు. ఆ రోజు మాత్రం నిజం చెప్పలేకపోయాను. "లేదు బాబాయ్. ఇక్కడ రావట్లేదు. హాల్లో వైర్ల తప్పేమో" అన్నాను.

"అదీ సంగతి!" అన్నాడు. "ఆ హాలు వైర్లు నా పెళ్ళినాటివి. రేపు నేనే వస్తా." అప్పుడే బల్ల కింద దూరి వైర్ల చుట్టలు లాగటం మొదలుపెట్టాడు.

నేను తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్ళాను. పిన్ని కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే, "వినబడలేదన్నారు కదూ?" అంది.

"నీకు వినబడుతోందా పిన్నీ?"

"నాలుగు రోజులుగా చెవిలో జోరీగలాగ. ఆయన ఫ్యాను ఆపి ఆ పెట్టె పెట్టినప్పుడల్లా తలుపు మూసుకుంటున్నా." కత్తి ఆపింది. "రెండేళ్ళయిందే. లావు శబ్దాలు భేషుగ్గా వినబడతాయి. సన్నవే పోయాయి. మన కాలింగ్ బెల్లు ఇదివరకు సన్నగా మోగేది గుర్తుందా? వచ్చినవాళ్ళు వీధిలో నిలబడిపోతున్నారని, అది తీయించి గేదె అరిచినట్టు మోగేది పెట్టించా. పాతది పాడైందని చెప్పా."

"ఆయన నమ్మాడా?"

"పిట్టలు తగ్గిపోయాయంటారు. ఊళ్ళో పిట్టలే లేకుండా పోయాయని రోజూ పేపరు చదువుతూ బాధపడతారు. అదిగో, ఆ కిటికీ మీదే కూర్చుని అరుస్తుంటాయి."

"మరి చెప్పవేం?"

"ఏమని చెప్పను? వంటవాడి దగ్గరికెళ్ళి నీ నాలుక పోయింది నాయనా అని చెప్పినట్టు కాదూ? నువ్వు చెప్పగలిగావా?" అంది. నేను చెప్పలేదని ఆవిడకెలా తెలిసిందో! నా మొహం చూస్తే ఎవరికైనా తెలిసేదేమో.

శుక్రవారం మధ్యాహ్నం మా బ్యాండంతా రిహార్సల్లో ఉండగా బాబాయి రెండు సంచుల వైర్లతో హాలుకొచ్చాడు. అరవై మూడేళ్ళ మనిషి, స్టేజీ కింద పాకాడు, గోడల వెంట పాకాడు. ఉన్న ఒక్కో వైరూ పీకి తన వైరు వేశాడు. వేసిన ప్రతిసారీ సౌండాయన వైపు చూసి "ఇప్పుడు?" అనేవాడు. సౌండాయన తల అడ్డంగా ఊపేవాడు. బాబాయి మళ్ళీ పాకేవాడు. చొక్కా చెమటకు వీపుకంటుకుపోయింది. నేను కీబోర్డు ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాను. ఒక్క మాట చెబితే ఆయన ఆ దుమ్ములోంచి బయటికి వస్తాడు. ఆ మాట చెప్పకుండా ఇంకో గోరు కొరికాను.

చివరి వైరు కూడా అయిపోయింది. బాబాయి మిక్సరు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"ఇంకా వస్తోందండీ మాస్టారూ" అన్నాడు సౌండాయన మెల్లగా.

"ఎక్కడయ్యా?"

"ఇదిగో, ఇప్పుడు కూడా..."

"ఏమీ లేదు." బాబాయి మావైపు తిరిగాడు. "మీకెవరికన్నా వినబడుతోందా?"

కెప్టెన్ గిటారు తీగ బిగించుకోవటం మొదలుపెట్టాడు. డ్రమ్ములతను నేల చూశాడు. ఆయనంటే అందరికీ గౌరవం, ఆ గౌరవంతోనే నోళ్ళు మూసుకున్నారు. కీచు మా అందరి నెత్తిన మోగుతూనే ఉంది.

"చూశావా?" అన్నాడు బాబాయి సౌండాయనతో. "నీ చెవులు ఎవరికైనా చూపించుకో నాయనా. ఉన్నది వినకపోతే సర్దుకోవచ్చు, లేనిది వింటే ఎలా? ఈ పనిలో చెవి పోయినవాడు మర్యాదగా పక్కకు తప్పుకోవాలి."

సౌండాయన తిరిగి ఒక్క మాట అనలేదు. అనాలంటే ఎంతసేపు? ఆయన మొహం ఎర్రబడింది, చూపు మిక్సరు మీదికి దించుకున్నాడు. తన తప్పు లేకుండా మాట పడుతున్న ఆ మనిషిని చూశాక నాకు ఆగలేదు.

"బాబాయ్, నాకూ వినబడుతోంది."

ఆయన తల నావైపు తిరిగింది.

"అందరికీ వినబడుతోంది. నీ పెట్టెలోంచే వస్తోంది. వైర్ల తప్పు కాదు. నీకే వినబడట్లేదు."

ఇంత గట్టిగా అనాలనుకోలేదు. ఆ ఖాళీ హాల్లో ఇంకా గట్టిగా వినబడింది. బాబాయి ఒక్కొక్కరి మొహమూ చూశాడు. ఎవరైనా కాదంటారేమోనని చూశాడు.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాడు నాతో.

"బుధవారం నుంచి వినబడుతోంది. నీ సంగతి నిన్న పొద్దున తెలిసింది. స్పీకరు దగ్గర."

"నిన్న పొద్దున" అన్నాడు. "తెలిసీ నన్ను ఇవాళ నేల మీద పాకించావు."

సంచులు తీసుకోలేదు, పెట్టె వైపు చూడలేదు. చేతులకంటిన దుమ్ము దులుపుకోకుండానే తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి కెప్టెన్ నా దగ్గరికొచ్చి, "రేపటికి నీ పాత బేస్‌తోనే కానిద్దాంలే, తర్వాత సంగతి తర్వాత" అన్నాడు. ఆ తర్వాత సంగతేమిటో నాకు తెలుసు. కానీ అప్పుడు నా బెంగ దాని గురించి కాదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, బాత్రూములో కుళాయి తిప్పుకుని.

శనివారం ఏడింటికే పెట్టె తీసుకుని వెళ్ళాను. తిడతాడు, తిట్టనీ అనుకున్నాను. షట్టరు ఎత్తే ఉంది. బాబాయి బల్ల మీద పాత స్కోపు పెట్టుకుని ఉన్నాడు. కరెంటు కదలికను తెర మీద గీతగా చూపించే యంత్రం అది. ఏళ్ళుగా దాన్ని వాడింది లేదు, చెవి ఉండగా కన్నెందుకనేవాడు.

తిట్టకుండానే పెట్టె నా చేతిలోంచి తీసుకున్నాడు. ఫ్యాను ఆపి, మూత విప్పి, పెట్టెకు స్పీకరూ స్కోపు తీగా తగిలించాడు. తెర మీద ఆకుపచ్చ గీత వచ్చింది. తిన్నగా ఉండాల్సిన గీతకు నూగులా సన్నటి ముళ్ళు.

"ఇదేనా?" అన్నాడు.

సప్లయి బోర్డు వైరు పీకాడు. ముళ్ళు పోయాయి, కీచూ పోయింది. పెట్టాడు, రెండూ వచ్చాయి.

"అదే" అన్నాను.

తెర మీది ముళ్ళ మీద వేలు పెట్టాడు. "కంటికి కనబడుతోంది" అన్నాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఆ కాలింగ్ బెల్లు ఎందుకు మార్పించావ్?" అని కేకేశాడు.

పిన్ని గుమ్మంలోకొచ్చి నిలబడింది. "మీరు తలుపు తియ్యటం లేదు కాబట్టి."

"పిట్టలో?"

"ఉన్నాయి. అన్నీ ఉన్నాయి" అంది.

బాబాయి తల ఊపాడు. మోకాలు ఆడిస్తూ, స్క్రూడ్రైవరును వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "నిన్న ఆ సౌండతన్ని ఎంత మాటన్నాను!" అన్నాడు నాతో.

ఆ వెంటనే లేచాడు. పనిలో పడ్డాడు. ముందు సప్లయి బోర్డు చుట్టూ రేకు మడిచి గోడలా పెట్టాడు. తెర మీద ముళ్ళు తగ్గాయి. వైర్లు దూరం జరిపాడు, ఇంకా తగ్గాయి. చివరికి గీత తిన్నగానే కనబడింది.

"కానీ దీన్ని నమ్మటానికి లేదు" అన్నాడు. "ఈ పాత స్కోపులో గీతే లావు. సన్నటి కీచు ఉన్నా ఆ లావులో కలిసిపోతుంది. ఇక్కణ్ణుంచి చెవే దిక్కు. ఇలా వచ్చి కూర్చో."

నన్ను స్పీకరు ముందు కూర్చోబెట్టాడు. "ఉందా?"

"ఉంది."

ఒక కెపాసిటర్ మార్చాడు. "ఇప్పుడు?"

"ఉంది."

రేకు ఇంకో పొర వేశాడు. "ఉంది" అన్నాను. ఒక బోర్డు తిరగేసి బిగించాడు. "ఉంది" అన్నాను. పదిన్నరయింది. మూడింటికి హాల్లో ఉండాలి. ఫ్యాను లేక ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. ఆయన చేతులు వేడి టంకానికి రెండుసార్లు చురుక్కుమన్నాయి, లక్ష్యపెట్టలేదు. తొమ్మిదోసారో పదోసారో మార్చాక, కీచు దాదాపు పోయింది. స్పీకరుకు జానెడు దూరంలో చెవి పెడితే తప్ప తెలియదు.

"పోయిందా?" అన్నాడు.

పోయిందందామనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. హాల్లో జనం గోలలో ఎవరికి తెలుస్తుంది? టైమవుతోంది, ఆయన అలిసిపోయాడు, నేను విసిగిపోయాను. నేను పోయిందంటే ఆయన నమ్మటం తప్ప చేసేదేమీ లేదు. అది తట్టేసరికి నాకు భయమేసింది. ఇప్పుడు నేను ఏం చెబితే అదే ఆయనకు శబ్దం.

"ఉంది" అన్నాను.

స్క్రూడ్రైవరు బల్ల మీద విసిరాడు. "ఉంది ఉంది అని గోడలా కూర్చోవటం కాదు! ఎంతుంది? ఎక్కువా, తక్కువా? ఏ పక్క నుంచి?"

"నా మీదెందుకరుస్తావ్? వెంట్రుకంత ఉంది! ముందు వేలంత ఉండేది! చాలా?"

"వెంట్రుకంతా, అంతకన్నా సన్నమా?"

"వెంట్రుకంత!"

పిన్ని లోపలి నుంచి, "వీధి వీధంతా వింటోంది మిమ్మల్ని" అంది. బాబాయి పెట్టె వంక చూస్తూ నిలబడ్డాడు. ఏం ఆలోచిస్తున్నాడో నాకు తెలిసింది. తర్వాత కట్టరు తీసుకుని, పాలవాడికి కూడా చూపించిన ఆ మూలలోంచి సప్లయి బోర్డును మొదలంటా కత్తిరించి బయటికి తీశాడు. చిన్న రేకు డబ్బాలో దాన్ని బిగించి, దానికీ పెట్టెకూ మధ్య రెండు మీటర్ల వైరు కలిపాడు. ఒకటే వస్తువని అందరికీ మాటిచ్చాడు. ఇప్పుడు రెండయ్యాయి. ఆ పని చేస్తున్నంతసేపూ ఎవరినో తిడుతూనే ఉన్నాడు, తననే అనుకుంటాను.

ఒంటిగంటన్నరకు స్పీకరు పెట్టాడు. నేను విన్నాను. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి విన్నాను. వంటింట్లో కుళాయి చుక్క పడటం వినబడింది. వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేశారు.

"లేదు బాబాయ్."

మూత పెట్టి మరలు బిగించేశాడు.

ప్రోగ్రాం ఆరింటికి. అంతకుముందే బాబాయి మిక్సరు దగ్గరికెళ్ళి సౌండాయనతో ఏదో అన్నాడు. ఆయన "అయ్యో, అదేం మాట మాస్టారూ" అంటూ లేచి తన కుర్చీ ఇచ్చాడు. బాబాయి అందులో కూర్చోకుండా దాని వెనక అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. నేను స్టేజీ మీంచి చూస్తూనే ఉన్నాను. ఎడమచెయ్యి పడినప్పుడల్లా ముందు వరుసల్లో జనం తలలు ఆడాయి. అయిపోయాక కెప్టెన్, "వచ్చే నెల తేదీలు రాసుకో" అన్నాడు. ఆయన నోట మెప్పుదల అంటే అంతే.

జనం వెళ్ళగానే పేర్లిచ్చిన ఆరుగురూ స్టేజీ ఎక్కి పెట్టె చుట్టూ మూగారు. ఒకడు నాబ్ తిప్పాడు, ఒకడు సంచిలో పెట్టి చూశాడు. ఈ డబ్బా ఏమిటి, ఒకటే అన్నారుగా అన్నాడింకొకడు. బాబాయి వచ్చి, అది బయటే ఉండాలన్నాడు. వాళ్ళలో గడ్డమున్న ఒకాయన క్లబ్బుల్లో వాయిస్తాడు, వాయించటంలో ఆరితేరినవాడు. ఆయన కొంచెం తటపటాయించి, "మాస్టారూ, మొన్న రిహార్సల్లో ఏదో కీచుమందని విన్నాం. ఇప్పుడది పూర్తిగా పోయినట్టేనా?" అన్నాడు.

మా వాళ్ళలో మాట ఎంత తొందరగా పాకుతుందో! నేను బాబాయి వంక చూశాను. పోయిందని ఒక్క ముక్క అంటే చాలు. నలభై ఏళ్ళ పేరుంది, చెవిమాస్టారి మాట మీద వాళ్ళు మళ్ళీ అడగరు కూడా.

"నాకు తెలీదయ్యా" అన్నాడు బాబాయి. "ఆ సన్న శబ్దాలు నాకు వినబడవు. ఎప్పుడో పోయాయట. నాకు నిన్ననే తెలిసింది."

గడ్డమాయన చెయ్యి పెట్టె మీద అలాగే ఉండిపోయింది. బాబాయి ముందుకొచ్చి మిగతా నాబ్‌లన్నీ తగ్గించి, వాల్యూమ్ ఒక్కటే చివరిదాకా తిప్పాడు. సౌండాయన మిక్సరు దగ్గర లైను పూర్తిగా పైకి తోశాడు.

"విను" అన్నాడు బాబాయి నాతో.

అందరూ నన్నే చూస్తున్నారు. నేను పెద్ద స్పీకరు దగ్గరికెళ్ళి చెవి పెట్టాను. తొందరపడలేదు. ఒక చెవితో విన్నాను, రెండో చెవితో విన్నాను. మళ్ళీ మొదటి చెవితో విన్నాను.

"లేదు బాబాయ్" అన్నాను.

ఆయన వాళ్ళవైపు తిరిగాడు.

"అయితే లేదు" అన్నాడు.